ఒకరి ఇంగ్లిష్‌లో సరదా, ఇంకొకరి ఇంగ్లిష్‌లో తిట్టు

2014 జులైలో అమెరికన్ పేరడీ గాయకుడు వియర్డ్ ఆల్ యాంకోవిక్ ‘వర్డ్ క్రైమ్స్’ అనే పాట విడుదల చేశాడు. అంతకు ముందు ఏడాది ఎక్కడ చూసినా మోగిన రాబిన్ థిక్ పాట ‘బ్లర్డ్ లైన్స్’ బాణీ తీసుకుని, అందులోని సరసం అంతా తీసేసి గ్రామర్ క్లాసు పెట్టాడు. ‘లెస్’ ఎక్కడ వాడాలి, ‘ఫ్యూయర్’ ఎక్కడ వాడాలి; ‘ఇట్స్’కి అపాస్ట్రఫీ ఎప్పుడు పెట్టాలి; ఎస్‌ప్రెస్సోని ‘ఎక్స్‌ప్రెస్సో’ అనేవాళ్లని ఏమనాలి; ‘లిటరల్లీ’ని నోటికొచ్చినట్టు వాడేవాళ్లకి ఏం శిక్ష వేయాలి... పాటంతా ఇదే వరస. వీడియోలో మనుషులు ఉండరు, అక్షరాలే ఎగిరి గంతులేస్తుంటాయి. బెత్తం పట్టుకున్న ఇంగ్లిష్ మాస్టారి గొంతు అది. ఆ పాట ఉన్న ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాబితాలో నేరుగా మొదటి స్థానంలో దిగింది. కామెడీ ఆల్బమ్ ఒకటి ఆ స్థానంలోకి రావడం 1963 తర్వాత అదే మొదటిసారి.

పాట చివర్లో ఆయన ఒక తప్పు కావాలనే పెట్టాడు. ‘టు’కీ క్రియకీ మధ్య ఇంకో మాట దూర్చకూడదని పాతకాలపు మాస్టార్లు చెప్పే రూల్ ఒకటుంది. దాన్ని ముగింపులో మీరాడు, తప్పులు పట్టేవాళ్లు పట్టుకుంటారో లేదో చూద్దామని. వాళ్లు పట్టుకున్నారు కూడా. అసలు గొడవ మాత్రం ఇంకో చోట వచ్చింది. చెత్తగా రాసేవాణ్ణి వెక్కిరిస్తూ ‘స్పాస్టిక్‌లా రాస్తావు’ అనే అర్థం వచ్చే పంక్తి ఒకటి పాటలో ఉంది. స్పాస్టిక్ అంటే కండరాలు బిగుసుకుపోయే వైకల్యం ఉన్న మనిషి. అమెరికాలో చాలామందికి అది ప్రాస కోసం పడ్డ మాటలాగే వినిపించింది. బ్రిటన్‌లో విన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. కొద్ది రోజుల్లోనే యాంకోవిక్ ట్విటర్‌లో క్షమాపణ చెప్పాడు. కొంతమంది దృష్టిలో అది దారుణమైన తిట్టు అన్న సంగతి తనకు తెలియదని ఒప్పుకున్నాడు. మాటల నేరాల మీద పాట కట్టిన మనిషి, ఏ మాట నేరమో తెలియక దొరికిపోయాడు.

దీన్ని ఒక గాయకుడి అజ్ఞానం కింద కొట్టేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. లెస్ అనాలా, ఫ్యూయర్ అనాలా అని సందేహం వస్తే పుస్తకం తీసి చూసుకోవచ్చు. ఒక మాట విన్నాక ఎదుటి మనిషి ముఖం ఎందుకు మాడిపోయిందో పుస్తకంలో దొరకదు. డిక్షనరీ అర్థం చెబుతుంది, మహా అయితే పక్కన ‘అభ్యంతరకరం’ అని చిన్న గుర్తు పెడుతుంది. ఎంత అభ్యంతరకరం, ఎవరికి, ఏ దేశంలో అన్నది ఆ మాటతో తిట్లు తిన్నవాళ్లకీ, వాళ్లు తింటుంటే పక్కన నిలబడి చూసినవాళ్లకీ తెలుస్తుంది. ఇంగ్లిష్ ఇన్ని దేశాల భాష అయ్యాక మాటలు సముద్రాలు దాటాయి గానీ వాటి వెనకున్న అనుభవం వాటితో పాటు ఓడెక్కలేదు.

స్పాస్టిక్ అనే మాటకు వైద్యంలో ఎలాంటి తిట్టు వాసనా లేదు. మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ అనే వైకల్యంలో కండరాలు బిగుసుకుపోయే రకాన్ని డాక్టర్లు ఇప్పటికీ ఆ మాటతోనే రాస్తారు. 1952లో ఇంగ్లండ్‌లో అలాంటి పిల్లల తల్లిదండ్రులు కొందరు కలిసి ఒక సంస్థ పెట్టుకున్నప్పుడు, ఆ మాటనే గౌరవంగా పేరులో పెట్టుకున్నారు. అలా స్పాస్టిక్స్ సొసైటీ పుట్టింది. బ్రిటిష్ బజార్లలో దుకాణాల ముందు ఆ సంస్థ విరాళాల పెట్టెలు ఉండేవి. కాలికి ఇనుప పట్టీ కట్టుకుని, చంకలో బొమ్మ పెట్టుకుని నిలబడ్డ చిన్నపిల్ల ఆకారంలో, దాదాపు నిజం పిల్లంత ఎత్తున. దయ పుట్టించడానికే పెట్టారు వాటిని. ఒక తరం బ్రిటిష్ పిల్లలు మాత్రం ‘స్పాస్టిక్’ అంటే ఆ బొమ్మ అనే నేర్చుకున్నారు. బడిలో బంతి వదిలేసినవాణ్ణీ, పరిగెత్తలేక పడ్డవాణ్ణీ అదే మాటతో పిలవడం మొదలైంది.

1981లో ఇంకో దెబ్బ పడింది. పిల్లల కోసం బీబీసీ నడిపే ‘బ్లూ పీటర్’ కార్యక్రమంలో జోయీ డీకన్ అనే పెద్దాయన్ని చూపించారు. పుట్టుకతోనే తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ. జీవితంలో ఎక్కువ భాగం ఆస్పత్రిలోనే గడిచింది. ఆయన మాట ఆయన స్నేహితుడు ఎర్నీ రాబర్ట్స్‌కి తప్ప దాదాపు ఎవరికీ అర్థమయ్యేది కాదు. అయినా ఆయన ఆత్మకథ రాశాడు. డీకన్ చెబితే ఎర్నీ విని పైకి చెప్పేవాడు, మూడో స్నేహితుడు కాగితం మీద రాసేవాడు, చదవడం రాయడం రాని నాలుగో స్నేహితుడు ఒక్కో అక్షరం చూసి టైపు కొట్టేవాడు. అలా వాక్యం వెనక వాక్యం పేర్చిన పుస్తకం 1974లో అచ్చయింది. టీవీలో ఇదంతా చూసిన పిల్లలకు ఆ పట్టుదల మీద గౌరవం కలగాలన్నది కార్యక్రమం ఉద్దేశం. మర్నాటి నుంచి బడుల్లో ‘జోయీ’ కొత్త తిట్టు అయింది. ముఖం వంకర పెట్టి, చేతులు మెలితిప్పి ఆయన్ని అనుకరించడం ఆట అయింది.

1994లో సొసైటీ తన పేరే వదులుకుని ‘స్కోప్’గా మారింది. ఆ తర్వాత బ్రిటిష్ పిల్లలు ‘స్కోపర్’ అనే తిట్టు కూడా పుట్టించారు. పేరు మారిస్తే సరిపోతుందనుకునేవాళ్లు ఒకసారి ఆగి చూడాల్సిన చోటు ఇది. 2003లో బీబీసీకి చెందిన వికలాంగుల వెబ్‌సైట్ అతి బాధ పెట్టే మాట ఏదని ఓటింగ్ పెడితే ‘స్పాస్టిక్’ రెండో స్థానంలో నిలిచింది.

అమెరికాలో ఈ చరిత్రలో ఒక్క ముక్క కూడా జరగలేదు. అక్కడ ఇలాంటి సంస్థ 1949లో యునైటెడ్ సెరిబ్రల్ పాల్సీ అనే పేరుతో మొదలైంది. కాబట్టి స్పాస్టిక్ అనే మాట బజారు బోర్డుల మీదకీ విరాళాల డబ్బాల మీదకీ అంతగా ఎక్కలేదు. దాన్ని కుదించి చేసిన ‘స్పాజ్’ మాత్రం కాలేజీ కుర్రాళ్ల నోళ్లలో పడి, తడబడేవాడు, కంగారు మనిషి అనే అర్థానికి తేలిపోయింది. 1979 నాటి ఒక కామెడీ సినిమాలో ఒక పాత్ర ముద్దుపేరే అది. నల్లజాతి అమెరికన్ల వాడుకలో ఇంకో దారి పట్టింది. ఒళ్లు తెలియకుండా రెచ్చిపోవడం, దుమ్ము దులిపేయడం అనే అర్థంలో దాదాపు మెచ్చుకోలులాగే వాడతారు. ఒకే వేరు, మూడు చోట్ల మూడు రకాల చెట్లు.

అందుకే ఈ ఒక్క మాట దగ్గరే మళ్లీ మళ్లీ అదే కథ నడిచింది. 2006 ఏప్రిల్‌లో మాస్టర్స్ గోల్ఫ్ ముగిశాక టైగర్ వుడ్స్ తన పటింగ్, అంటే బంతిని గుంతలోకి నెట్టడం, ఎంత చెత్తగా ఉందో చెబుతూ తనను తానే ‘స్పాజ్’ అనుకున్నాడు. అమెరికన్ పత్రికల్లో పెద్దగా చప్పుడు లేదు, బ్రిటన్ పత్రికల్లో దుమారం. ఆయన తరఫున క్షమాపణ వచ్చింది. 2007లో రెండు వీడియో గేమ్‌లను బ్రిటన్‌లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఒకటి యూబీసాఫ్ట్ వాళ్ల మెదడు పరీక్ష ఆట. బాగా ఆడలేనివాళ్లకు అందులో ఈ మాట కలిసిన బిరుదు ఇచ్చేవారు. రెండోది నింటెండో వాళ్ల ‘మారియో పార్టీ 8’. అందులో ఒక మాంత్రికుడు రైలు మీద మంత్రం వేస్తూ ఈ మాట అంటాడు. తప్పు డిస్కు కలిసిపోయిందని కంపెనీ చెప్పుకుంది. కొన్ని వారాల తర్వాత అదే చోట ‘ఎర్రాటిక్’ అని పెట్టిన కొత్త డిస్కు వచ్చింది. 2014లో యాంకోవిక్ పాట. 2022 జూన్‌లో అమెరికన్ గాయని లిజ్జో పాట ఒకటి ఇదే మాటతో విడుదలైంది. అభ్యంతరాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఆమె ఆ పంక్తి మార్చి మళ్లీ పాడింది. రెండు నెలలు తిరక్కముందే బియాన్సే కొత్త ఆల్బమ్‌లోనూ అదే మాట, అదే గొడవ, అదే మార్పు.

మొదటివాళ్లకు తెలియలేదంటే అర్థం చేసుకోవచ్చు. వరసలో చివరివాళ్ల చుట్టూ అంతమంది మేనేజర్లు, లాయర్లు, సౌండ్ ఇంజినీర్లు ఉండి కూడా ఒక్కరికీ తట్టలేదంటే, తప్పు మనిషిది అని సరిపెట్టుకోలేం. ఆ మాట వాళ్ల చెవుల్లో మోగే గంట కాదు, అంతే.

గ్రామర్ తప్పుల మీద నవ్వు దీనికి పూర్తిగా వేరనిపిస్తుంది. ఆ జోకులకు ఇంత గిరాకీ ఉండడానికి కారణం అవి భద్రమైన జోకులు కావడమే. ఎవరి కులం, మతం, రంగు, శరీరం వాటిలో ప్రస్తావనకు రాదు. తప్పు రాసింది వాడు, రూల్ చెప్పింది పుస్తకం, నవ్వినవాడు నిమిత్తమాత్రుడు. పైకి కనిపించేది ఇది. ఆ రూల్స్ పుట్టుక చూస్తే అంత గట్టి నేల కాదు. లెక్కపెట్టగలిగే వాటికి లెస్ కన్నా ఫ్యూయర్ అంటే బాగుంటుందని 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన ఒక పుస్తకంలో తన అభిరుచిగా రాశాడు. ‘నాకలా అనిపిస్తుంది’ అన్నంత మెత్తగానే రాశాడు. తొమ్మిదో శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు కాలం నుంచీ ఇంగ్లిష్‌వాళ్లు లెస్‌ని రెండు విధాలా వాడుతూనే ఉన్నారు. బేకర్ గారి ఇష్టం తర్వాతి మాస్టార్ల చేతుల్లో చట్టమైంది. 2008లో బ్రిటన్‌లోని టెస్కో సూపర్‌మార్కెట్లు ఈ తగాదా భరించలేక, పది వస్తువులు లేదా అంతకు తక్కువ అనే తమ బోర్డును ‘పది వస్తువుల వరకు’ అని మార్చేసుకున్నాయి. లెస్ లేదు, ఫ్యూయర్ లేదు, గొడవా లేదు.

తప్పులు పట్టేవాళ్లకు తప్పులు దొరకడం ఈ రంగంలో ఎప్పుడూ ఉండేదే. విరామచిహ్నాల మీద జాలీ దయా అక్కర్లేదంటూ బ్రిటిష్ రచయిత్రి లిన్ ట్రస్ 2003లో రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడైంది. మరుసటి ఏడాది ‘న్యూయార్కర్’ పత్రికలో లూయీ మెనాండ్ దాన్ని సమీక్షిస్తూ మొదటి విరామచిహ్నం తప్పు అంకితం పేజీలోనే ఉందని చూపించాడు. పెట్టాల్సిన కామా పెట్టలేదట. ఆస్ట్రేలియన్ ఎడిటర్ జాన్ బాంగ్‌సండ్ 1992లో దీనికి ఒక సూత్రమే రాసిపెట్టాడు. ఇంకొకరి రాతలో తప్పులు ఎంచుతూ మీరు రాసే దాంట్లో ఏదో ఒక తప్పు ఖాయంగా ఉంటుంది అని. తప్పు జరగడానికి వీలుంటే జరిగి తీరుతుందనే మర్ఫీ సూత్రం అందరికీ తెలుసు కాబట్టి, అక్షరాలు అటూ ఇటూ చేసి దీనికి ‘మఫ్రీ సూత్రం’ అని పేరు పెట్టాడు. ఇలా తప్పులు పట్టేవాళ్లని అమెరికన్లు సరదాగా ‘గ్రామర్ నాజీ’ అంటారు. బెర్లిన్‌లో ఒక టీచర్ని అంత సరదాగా ఆ మాట అని చూడమంటే ఎంతమంది ముందుకొస్తారో!

మరి ఈ నవ్వు ఎవరి మీద? ఇంగ్లిష్ పుట్టింట్లో నేర్చుకున్నవాళ్లు ఒకరి మీద ఒకరు నవ్వుకున్నంతసేపు అది ఆట. బయటి నుంచి వచ్చి నేర్చుకున్నవాళ్ల మీద నవ్వినప్పుడు వేరే సంగతి. దీనికి తెలుగువాళ్లకు బాగా తెలిసిన సాక్ష్యం ‘బట్లర్ ఇంగ్లిష్’. వచ్చీరాని ఇంగ్లిష్ మాట్లాడేవాణ్ణి ఇప్పటికీ ఆ మాటతోనే వెక్కిరిస్తాం. ఆ పేరు కంపెనీ కాలంలో, కోస్తా ఆంధ్ర, రాయలసీమలు కూడా కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో దొరల ఇళ్లలో పనిచేసే నౌకర్ల ఇంగ్లిష్‌కి పడింది. 1886లో వచ్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు దాని లక్షణాలు రాసింది. ‘ఐ టెల్లింగ్’ అంటే చెబుతాను, ‘ఐ డన్ టెల్’ అంటే చెప్పాను. జరగబోయేదానికి ‘ఇంగ్’ రూపం, జరిగిపోయినదానికి ముందు ‘డన్’ తగిలించే చక్కటి పద్ధతి. అదే నిఘంటువు ఇంకో ముక్క కూడా చెప్పింది. ఈ భాషలో వింతల్లోకెల్లా వింత ఏమిటంటే, నౌకర్లు దొరలతో ఎలా మాట్లాడేవారో దొరలూ నౌకర్లతో అలాగే మాట్లాడేవారట. ఇద్దరూ ఒకే ఇంగ్లిష్ మాట్లాడారు. వెక్కిరింత మాత్రం ఒకరికే మిగిలింది.

ఇప్పటి భారతీయ ఇంగ్లిష్ మీద వచ్చే జోకుల్లోనూ చాలా వరకు అదే బాపతు. ‘ఉస్మానియా నుంచి పాసవుట్ అయ్యాను’ అంటే అమెరికన్‌కి స్పృహ తప్పి పడిపోయినట్టు వినిపిస్తుంది. చదువు పూర్తి చేయడం అనే ఆ అర్థం మనం సొంతంగా పుట్టించింది కాదు. శిక్షణ ముగించిన బ్రిటిష్ సైనికులు చేసే పాసింగ్ అవుట్ పరేడ్ నుంచి వచ్చింది. మీటింగ్‌ని ముందుకు జరపడానికి మనవాళ్లు వాడే ‘ప్రీపోన్’ మీద ఎన్ని జోకులు వేసినా, అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోకి ఎక్కి కూర్చుంది. ఎందుకంటే ‘పోస్ట్‌పోన్’కి అంత సూటిగా ఎదురు నిలిచే మాట అది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికా వెళ్లిన కుర్రాడు క్లాసులో పక్కవాణ్ణి ‘రబ్బర్’ అడిగితే మాత్రం ఒక్కసారిగా గ్రామర్ జోకు బూతు జోకు అవుతుంది. అక్కడ ఆ మాటకు కండోమ్ అని అర్థం. బ్రిటన్ పిల్లలు కూడా పెన్సిల్ గీత చెరపడానికి రబ్బరే అడుగుతారు. అమెరికన్లు నడుముకు కట్టుకునే ‘ఫ్యానీ ప్యాక్’ పేరు బ్రిటన్‌లో పైకి అనలేరు. అమెరికాలో పిరుదులను చెప్పే ఆ మాట బ్రిటన్‌లో స్త్రీ మర్మాంగాన్ని చెబుతుంది. తమ జట్టుకు ‘రూట్’ చేస్తున్నామని, అంటే కేకలేసి ప్రోత్సహిస్తున్నామని, అమెరికన్లు అంటే ఆస్ట్రేలియన్లు ముసిముసిగా నవ్వుతారు. అక్కడ ఆ మాటకు సంభోగం అని అర్థం.

గ్రామర్ తప్పూ, బూతు మాటా రెండూ ఒకే సన్నివేశంలో ఢీకొన్న రోజు ఒకటుంది. 1914 ఏప్రిల్ 11, లండన్‌లో హిజ్ మెజెస్టీస్ థియేటర్. బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మేలియన్’. పూలమ్ముకునే ఎలైజాకి ప్రొఫెసర్ హిగ్గిన్స్ దొరసాని ఉచ్చారణ నేర్పించి, తన తల్లి ఇంట్లో పెద్దింటి అతిథుల ముందు కూర్చోబెడతాడు. ఆమె ఉచ్చారణలో లోపం లేదు. మాటలు మాత్రం పాత వీధివే. ఆంటీ చనిపోతే ఇన్‌ఫ్లుయెంజా అన్నారు గానీ, ఎవరో చంపేసి ఉంటారని తన అనుమానమంటుంది. అదీ లండన్ పేదల గ్రామర్‌లో, అంటే హిగ్గిన్స్ వర్గం తప్పు అనే గ్రామర్‌లో, రాణిగారి ఉచ్చారణతో. జనం నవ్వుతూనే ఉన్నారు. వెళ్లేటప్పుడు పార్కులోంచి నడిచి వెళ్తారా అని ఒక కుర్రాడు అడుగుతాడు. ‘నాట్ బ్లడీ లైక్లీ’ అంటుంది ఎలైజా, చస్తే నడవను అన్నంత మోటుగా. ‘బ్లడీ’ అప్పట్లో మర్యాదస్తులు నోట అనని మాట. నవ్వు నిమిషానికి పైగా ఆగలేదు. ఆ మాట స్టేజీ మీద వస్తుందట, నటి మిసెస్ ప్యాట్రిక్ క్యాంప్‌బెల్ నిజంగా అంటుందా అని పత్రికలు అప్పటికే ఊరించి ఉన్నాయి.

షా చమత్కారం అక్కడితో ఆగలేదు. ఆమె వెళ్లిపోయాక క్లారా అనే పెద్దింటి అమ్మాయి, ఇదేదో కొత్త ఫ్యాషన్ మాట కాబోలనుకుని తనూ ‘బ్లడీ నాన్సెన్స్’ అంటుంది. అదే మాట పూలమ్మాయి నోట బండారం, క్లారా నోట ఫ్యాషన్. ఒకే గదిలో, ఒకే సాయంత్రం, రెండు బరువులు. 1956లో ఈ కథే పాటల నాటకం (మ్యూజికల్) అయ్యేసరికి ఆ మాటకు ఉలిక్కిపడేవాళ్లు లేకుండా పోయారు. గుర్రప్పందేల దృశ్యం పెట్టి వేరే మాట వెతుక్కోవాల్సి వచ్చింది.

లండన్‌లో ఆ మాట స్టేజీ మీదకు రాకముందే ఆస్ట్రేలియాలో దానికి ‘గ్రేట్ ఆస్ట్రేలియన్ అడ్జెక్టివ్’ అనే బిరుదు వచ్చింది. ప్రతి రెండో మాటకూ తగిలించే విశేషణం అన్నమాట. ఆ ధీమాతోనే 2006లో ఆస్ట్రేలియా టూరిజం శాఖ పెద్ద ఖర్చుతో ప్రకటన తీసింది. బీరు పోసి ఉంచాం, ఒంటెలకు షాంపూతో తలంటి ఉంచాం, మరి ‘వేర్ ద బ్లడీ హెల్ ఆర్ యూ’ అని బీచ్‌లో ఒక అమ్మాయి అడుగుతుంది. బ్రిటన్‌లో టీవీ ప్రకటనలను పరిశీలించే సంస్థ ‘బ్లడీ’ కుదరదంది. ఆస్ట్రేలియా టూరిజం మంత్రి లండన్ దాకా వెళ్లి మాట్లాడాక ఆ నిషేధం సడలింది. తర్వాత ఏడాది రోడ్డు పక్క హోర్డింగుల మీద మళ్లీ అభ్యంతరం వచ్చింది. కెనడాలో తిట్టు కన్నా బీరు గురించిన మాట దగ్గర పేచీ వచ్చింది. సింగపూర్‌లో ‘బ్లడీ’, ‘హెల్’ రెండు మాటలూ కత్తిరించి ‘మరి మీరెక్కడ’ అనేంత మర్యాదగా వినిపించారు. ఒక్క ప్రకటనలో ఏ దేశానికి ఏ మాట గుచ్చుకుందో చూస్తే ఆ దేశం దేనికి సిగ్గుపడుతుందో తెలిసిపోతుంది.

ఇదే సంగతి మనవాళ్లకు క్రికెట్‌లో అనుభవమైంది. ఆస్ట్రేలియాలో ‘బాస్టర్డ్’ అనేది గొంతును బట్టి మారే మాట. స్నేహితుణ్ణి కౌగలించుకుంటూ అంటారు, శత్రువుని తిడుతూ అంటారు. 1932-33 బాడీలైన్ సిరీస్ గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. తనను ఎవరో ఆ మాట అన్నారని ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్ ఫిర్యాదు చేయడానికి వస్తే, ఆస్ట్రేలియా ఆటగాడు విక్ రిచర్డ్‌సన్ తన జట్టువైపు తిరిగి ‘ఈ బాస్టర్డ్‌ని బాస్టర్డ్ అన్న బాస్టర్డ్ మీలో ఎవర్రా’ అన్నాడట. 2008 జనవరి సిడ్నీ టెస్టులో బ్రాడ్ హాగ్ అదే మాట కుంబ్లేనీ ధోనీనీ ఉద్దేశించి అన్నాడని భారత జట్టు ఫిర్యాదు చేసింది. చాలామంది ఆస్ట్రేలియన్లకు ఆ ఫిర్యాదే వింతగా తోచింది. ఇక్కడ మాత్రం ఆ మాట మనిషి మీద నుంచి అతని తల్లి మీదకు వెళ్తుంది. అక్కడ అది మైదానంలో ఆగిపోతుంది, మన దగ్గర ఇంటి గడప దాటుతుంది. చివరికి పెర్త్ టెస్టుకు ముందు కుంబ్లే ఆ ఫిర్యాదును తనంతట తానే వెనక్కి తీసుకున్నాడు. అదే మ్యాచ్‌లో హర్భజన్ అన్నది ‘మంకీ’యా లేక అలా వినిపించిన హిందీ తిట్టా అన్న గొడవ అడిలైడ్‌లో అప్పీలు దాకా వెళ్లి, మూడు టెస్టుల నిషేధం రద్దయి జరిమానాతో ముగిసింది.

మాట ఇలా బరువెక్కడం క్రికెట్ మైదానంతోనే ఆగదు. బ్రిటన్‌లో అల్లరి పిల్లాణ్ణి బుగ్గ గిల్లి ముద్దుగా ‘రాస్కెల్’ అంటారు. తెలుగులో ‘రాస్కెల్’ అంటే అది కాలరు పట్టుకునే ముందు మాట. పాత తెలుగు సినిమాల్లో జమీందారు నాన్న కొడుకుని ఇంట్లోంచి గెంటేసేటప్పుడు వాడే మాట. పాపువా న్యూగినీలో ఇంకా దూరం వెళ్లి, ‘రాస్కోల్’ అంటే దారిదోపిడీ ముఠావాడు అయింది. లండన్ అమ్మమ్మ ముద్దు మాటను పోర్ట్ మోర్స్‌బీ పోలీసులు కేసుల్లో వాడుతున్నారు.

దీనికి ఎదురు దిశలోనూ ఒక ప్రయాణం ఉంది. తెలుగులో ఒక్క బూతు నోట రానివాళ్లు కూడా ఇంగ్లిష్ బూతును చాలా తేలిగ్గా అనేస్తారు. లండన్ యూనివర్సిటీకి చెందిన భాషావేత్త జాన్ మార్క్ డవాల్ చాలా భాషలు మాట్లాడేవాళ్లను వందల సంఖ్యలో అడిగి 2004లో ఒక పరిశోధన ప్రచురించాడు. తిట్లు మాతృభాషలోనే గట్టిగా తగులుతాయనీ, ఆ తర్వాత నేర్చుకున్న భాషల్లో వాటి దెబ్బ తగ్గుతుందనీ చాలామంది చెప్పారు. అమ్మ నోట ‘అలాంటి మాటలు అనకూడదు’ అని దెబ్బ తిని నేర్చుకున్న మాటకూ, సినిమా సబ్‌టైటిల్స్‌లో చూసి నేర్చుకున్న మాటకూ తేడా ఉండదా? ఆఫీసు మీటింగ్‌లో టెన్షన్ ఎక్కువై తెలుగు కుర్రాడు జారవిడిచే ఇంగ్లిష్ మాట అతనికి దూదిలా ఉంటుంది. ఫోన్ అవతల ఉన్న టెక్సాస్ క్లయింట్‌కి, వారం వారం చర్చికి వెళ్లే మనిషైతే, రాయిలా తగులుతుంది. గ్రామర్ తప్పయితే ఆయన మర్యాదకు వినీవిననట్టు ఊరుకునేవాడు.

బ్రిటన్‌లో ఈ బరువుల లెక్క చూడడానికి ఒక సంస్థే ఉంది. టీవీ, రేడియోలను నియంత్రించే ఆఫ్‌కామ్ కొన్నేళ్లకోసారి జనాన్ని కూర్చోబెట్టి మాటలు వినిపించి ఏది ఎంత గుచ్చుకుందో అడుగుతుంది. రాత్రి 9 గంటల ముందు ఏది వినిపించవచ్చో తేల్చుకోవడానికి చానళ్లు దాన్ని చూసుకుంటాయి. 2016లో ప్రచురించిన నివేదికలో ‘బ్లడీ’ తేలికపాటి మాటల్లో ఉంది. మామూలు తిట్ల పట్ల జనం ఓపిక పెరిగిందనీ, జాతిని, వైకల్యాన్ని, ఇంకా మనిషి ఏ గుంపువాడో దాన్ని ఎత్తిపొడిచే మాటల పట్ల ఓపిక తగ్గిందనీ ఆ నివేదిక రాసింది. షా కాలంలో పత్రికలు అచ్చు వేయడానికి జంకిన మాట ఇప్పుడు అందులో కింది మెట్టు మీద ఉంది. 1952లో తల్లిదండ్రులు తమ పిల్లల కోసం బోర్డు మీద రాసుకున్న మాట గట్టి తిట్ల వరసలో చేరింది.